రెండు మూటలు, ఒక పొడుగు మాట

ఎమ్మిగనూరు వెళ్లే పల్లెవెలుగు బస్సు టైరు పగిలి రోడ్డు పక్కన నిలిచిపోయింది. జనమంతా దిగి చెట్టు నీడకు వెళ్లారు. మూడు సీట్ల బెంచీ మీద మాత్రం ముగ్గురు కదల్లేదు: కిటికీ వైపు సుబ్బక్క, ఇటు చివర నాగలక్ష్మమ్మ, నడుమ పుస్తకంతో శిరీన్. పెద్దవాళ్లిద్దరి కాళ్ల దగ్గరా చెరొక గోనె మూట.

"పాపా శిరీన్, ఆయమ్మకు చెప్పు, ఆమె మూట నా కాలికి తగుల్తాండాదని."

"నాగలక్ష్మవ్వా, మీ మూట సుబ్బవ్వ కాలికి..."

"ఇనబడిందిలేమ్మా, నాకేం చెవుడు లేదు. కాలు జరుపుకుంటే తగలదని ఆమెకు చెప్పు."

"సుబ్బవ్వా, మీరు కాలు..."

"నాకు గూడా చెవుడు లేదు."

"ఇద్దరికీ ఇనబడతాంటే నడుమ నేనేంటికవ్వా? లెక్చరర్ పరీక్ష దగ్గరికొచ్చె నాకు. కొంచెంసేపు చదువుకోనీయండి. అయినా మీరెందుకు దిగలేదు? బరువుంటే జాకీ లేయదని కండక్టరు ఇందాకటి నుంచి అరస్తానే ఉండాడు."

"నాకు మోకాళ్ల నొప్పులు పాపా."

"ఎక్కేటప్పుడు సీటు కోసం అంత దూరం ఉరికొస్తిరి కదా సుబ్బవ్వా!"

"ఎక్కేటప్పుడు రాదు. దిగేటప్పుడే వస్తుంది. ఆయమ్మనడుగు, ఆమెకేం రోగమో."

"నాకు ఎండ పడదని చెప్పు పాపా. అట్లే అడుగు, ఆమె మూటలో ఏముండాదో."

"మొక్కజొన్న కంకులని చెప్పు. ఆమె మూటలో ఏముండాదంట?"

"చెనిక్కాయలని చెప్పు."

"చెనిక్కాయలు ఖంగు ఖంగుమని మోగుతాయా అని అడుగు పాపా. బస్సు గుంతలో పడినప్పుడల్లా ఇంటాండా."

"బాగా ఎండినవి మోగుతాయని చెప్పు. మరి కంకులు గోనెపట్ట చీల్చుకోని ముక్కు బయట పెడతాయా అని అడుగు."

"యాడ? ఏదీ? ఓ, అదా... అది తొడిమ."

"తొడిమ తళతళ మెరుస్తాండాదే!"

"ఉండండి ఉండండి, నన్ను చూడనీయండి. అల్లా! సుబ్బవ్వా, ఇది వేటకొడవలి!"

"ఉష్! నోరు ముయ్యి తల్లీ, చెట్టు కింద అందరికీ ఇనబడుతుంది. ఉండు, ఈ కిటికీ అద్దం లాగుతా."

"నాగలక్ష్మవ్వా, మరి మీ చెనిక్కాయలు?"

"ఏం చెప్పమంటావు పాపా. నాదీ అదే పంట."

"నేను దిగిపోతా. జరగండి, నేను దిగిపోతా."

"కూర్చో శిరీన్! నువ్వు దిగితే మా ఇద్దరి నడుమ ఎవురుంటారు?"

"అదే కదా సుబ్బవ్వా నాకు భయమయ్యేది! ఎవురిని నరికేదానికి పోతాండారు మీరు?"

"నరికేదానికి కాదే పిచ్చిదానా. పోలీస్ స్టేషన్లో ఇచ్చేదానికి. మొన్న ఆటోకు మైకు కట్టి చెప్పుకుంటా పోలే, ఇండ్లల్లో కత్తులున్నోళ్లు తెచ్చి ఇస్తే కేసులుండవని?"

"నువ్వు గూడా దానికేనా?"

"దానికే. నువ్వు?"

"దానికే."

"అవ్వా... మీరిద్దరూ ఇప్పుడు నేరుగా మాట్లాడుకుంటిరి."

"నోరు జారిందిలే పాపా."

"నాకు తెలివి వచ్చినప్పటి నుంచి ఇదే చూడడం. ఊర్లో మీ రెండిండ్లోళ్లు ఒకే కొళాయి కాడ నీళ్లు గూడా పట్టుకోరు కదా. సుబ్బవ్వా, ఈరన్న తాతకు తెలుసునా ఈ సంగతి?"

"తెలిస్తే నన్ను గడప దాటనిస్తాడా? ఆయప్ప పొద్దున్నే చేనికి పోయినాడు. నిచ్చెన వేసుకోని అటక ఎక్కి, ఉన్నవన్నీ దించి మూట కట్టుకుంటి."

"మా ఆయప్ప క్షవరానికి పోయినాడు. ఆ సందులో నేనూ అటకే ఎక్కితి."

"అంటే నాగలక్ష్మవ్వా, రామలింగప్ప తాతకు గూడా తెలీదు?"

"తెలీదు. సాయంత్రానికి తెలుస్తుంది. అప్పుడు చూసుకుందాంలే."

"ఇన్నేండ్లూ అటక మింద పెట్టుకోని, ఇప్పుడేంటికవ్వా ఇంత తొందర?"

"ఏంటికంటే, ఆయమ్మ మనవడు. ఉమామహేశ్వర. ఫోన్లో ఫొటో పెట్టె, కొడవలి పట్టుకోని."

"ముందు పెట్టింది మావాడు కాదు సుబ్బక్కా! నీ మనవడు క్రాంతి కుమారే ముందు పెట్టె. స్టేటస్సంట. బీరువా అద్దం ముందర నిలబడి, కొడవలి భుజాన వేసుకోని, మీసం తిప్పుతాండాడు. ఉండేదే నాలుగు వెంట్రుకలు!"

"మరి అది చూసి మీవాడు రెండు కొడవళ్లు పట్టుకోలే?"

"పట్టుకున్నాడు. అది చూసి మీవాడు తుపాకీ తీయలే?"

"తీసినాడు. మా మామ కాలం నాటి తుపాకీ. దాని గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టుకోని ఎన్నేండ్లాయనో. వాడు దాన్ని తలకిందులుగా పట్టుకోని దిగె ఫొటో!"

"అవును, తలకిందులే! నేనూ చూస్తి. నవ్వల్నో ఏడవల్నో తెలీలే నాకు."

"నవ్వుతావేమో. రేపు వాడు దాన్ని సరిగ్గా పట్టుకునేది నేర్చుకుంటే?"

"నాకూ అదే దిగులు సుబ్బక్కా. మన రెండిండ్లోళ్లు నరుక్కున్న పొద్దు, చంటిబిడ్డ వీనికి పాలు తాపిచ్చి పడుకోబెట్టి బయటికొస్తే వీధంతా ఏడుపులే. ఆ ఏడుపు వీనికి తెలీదు. వీనికి కొడవలంటే సెల్ఫీ తీసుకునే సామాను."

"సుబ్బవ్వా, నాగలక్ష్మవ్వా, ఒక మాట చెప్తా, నవ్వొద్దు. బస్సెక్కినప్పటి నుంచి నేను బట్టీ కొడతాండే మాట మీదే."

"మా మాటేంది?"

"నిరాయుధీకరణ."

"ఏందీ? నిరా..."

"ని-రా-యు-ధీ-క-ర-ణ."

"అబ్బ! మన ఊరి నుంచి ఎమ్మిగనూరంత పొడుగుండాదే. విన్నావా నాగలక్ష్మీ?"

"ఇన్నా. దోవలో నిలిచిపోయేది గూడా అట్లే ఉండాది."

"విరిచి చెప్తే సులువవ్వా."

"విరువు పాపా, విరువు. పొడుగుండేవి విరిచేస్తేనే మంచిది."

"నిర్ అంటే లేకుండా. ఆయుధం మీకు తెలిసిందే. దాంట్లో యుధ్ అని ఉండాది. యుధ్ అంటే సంస్కృతంలో కొట్లాడేది. యుద్ధం అనే మాట గూడా ఆడ పుట్టిందే. కొట్లాడేదానికి చేతపట్టేది ఆయుధం."

"అట్లైతే నాకొక అనుమానం. ఈ కొడవలితో మా అత్త కంపలు కొట్టేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో మేకలకు ఆకు కోసేదాన్ని. అప్పుడు అది ఆయుధమేనా?"

"కాదు సుబ్బవ్వా. అప్పుడది పనిముట్టు."

"మరి ఎప్పుడు ఆయుధమాయ?"

"అది మీకే తెలియల్ల అవ్వా."

"అవును పాపా. మాకు తెలుసు. సుబ్బక్కా, మా మరిదిని నరికిన పొద్దు ఆయ."

"దాని ఎనకాలే మా బావ పోయినాడు. ఆ పొద్దు ఇంగా పదునాయ. నాగలక్ష్మీ."

"ఊఁ."

"మా బావ శవాన్ని తీసుకపోయే పొద్దు, నువ్వు మా వీధి మొగదల దాకా వచ్చినావు. కొంగు నోట్లో పెట్టుకోని నిలబడింటివి. నేను చూసినా."

"చూసినావా? చూల్లేదనుకుంటి ఇన్నేండ్లూ. లోపలికొద్దామనే వచ్చినా సుబ్బీ. కాలు పడలేదు. మీ వాండ్లు కొడతారని కాదు. నీ ముందరికొచ్చి ఏం చెప్పల్ల?"

"ఏం చెప్పకుంటేనేమి. వచ్చి కూర్చుంటే సరిపోయేది కదే నాగీ."

"సుబ్బీ, నాగీ అంటాండారు! మీరిద్దరూ ముందే స్నేహమా అవ్వా?"

"స్నేహమేంది పాపా. ఒకే ఊరి ఆడబిడ్డలం. కోడుమూరు కాడ. ఒకే బడి, ఒకే పలక. ఆమె రాస్తే నేను తుడిచేదాన్ని. ఇద్దరినీ ఒకే ఊరికిచ్చినారని మురిసిపోతిమి. ఆ ఊర్లో నడుమ గీత ఉందని మాకెవురు చెప్పినారు?"

"నా పలక తుడిచేది నువ్వు కాదు, ఉమ్మేసేదానివి."

"ఉమ్మేసే కదా తుడిచేది!"

"నవ్వండవ్వా, నవ్వండి. కొడవళ్ల మింద కాళ్లు పెట్టుకోని ఇట్ల నవ్వేవాండ్లను నేను యాడా చూల్లేదు."

"పొడుగు మాట ముగిచ్చు పాపా. నిర్ ఆయ, ఆయుధం ఆయ. తర్వాత?"

"చివర కరణ. అంటే చేసేది. అయితే అసలు తమాషా నడుమ ఉండాది. చూడండి, నిరాయుధ-కరణ అనడంలే. నిరాయు-ధీ-కరణ అంటాండాము. ఆ దీర్ఘం ఏంటికొచ్చింది?"

"రాసినాయప్ప నోరు సాగిందేమో."

"కాదు నాగలక్ష్మవ్వా. ముందు అట్ల లేనిదాన్ని కొత్తగా అట్ల చేస్తేనే ఆ 'ఈ' వస్తుంది. కరెంటు లేని ఊరికి కరెంటిస్తే విద్యుదీకరణ. మురికి నీళ్లను మంచి నీళ్లు చేస్తే శుద్ధీకరణ. ముందు నుంచీ మంచిగుండే నీళ్లను ఎవురూ శుద్ధీకరణ చేయరు."

"అంటే ముందు నుంచీ ఇంట్లో కత్తి లేనోళ్లు?"

"వాండ్లకు ఈ మాటతో పని లేదు. మా తాత వలి సాహెబ్ ఇంట్లో ఉండేది పరుపులు కుట్టే సూదే. మా తాత దాన్ని ఇచ్చేస్తే నిరాయుధీకరణ కాదు, బేరం పోవడం. ఆయుధాలున్నోళ్లు తామే దించితేనే ఆ మాట."

"సుబ్బీ, విన్నావా? ఊరంతటికీ లేని మాట మన ఇద్దరికే ఇచ్చినారు."

"ఈ మాట మనోళ్లే పుట్టించినారా పాపా?"

"ఇంగ్లీషు మాటకు మనోళ్లు సంస్కృతంలో కట్టినారు. ఇంగ్లీషులో డిసార్మమెంట్ అంటారు."

"ఆర్మా? ఆర్మంటే చెయ్యి కదా! నాకు ఎముక విరిగినప్పుడు ఆసుపత్రిలో ఆర్మ్ ఆర్మ్ అంటాండిరి. అంటే చేతులు తీసేదా?"

"అయ్యో, కాదు సుబ్బవ్వా! చెయ్యి అనే ఆర్మ్ వేరే, ఆయుధాలనే ఆర్మ్స్ వేరే. రెండోది లాటిన్ మాట, ఫ్రెంచివాండ్ల దోవన ఇంగ్లీషుకొచ్చింది."

"ఆ తేడా చెప్పేవాండ్లు మనూర్లో లేకపాయ. మనోళ్లు ఆయుధాలు భద్రంగా దాచిపెట్టుకోని, చేతులే తీస్తిరి."

"నాగీ, నువ్వు నవ్వుతా నవ్వుతా ఏడిపిస్తావే."

"ఇంకొకటుండాది అవ్వా. ముందు కాలంలో గెలిచినోళ్లు ఓడినోళ్ల కత్తులు గుంజుకునేవాండ్లు. దానికే ఆ మాట వాడేది. రానురాను రెండు పక్కలోళ్లూ కూర్చోని, ఒప్పుకోని, ఒకేసారి దించేదానికి వాడబట్టినారు."

"ఒకేసారే ఏంటికి?"

"ఒకరు దించి, ఇంకొకరు దించకుంటే? దించినోళ్లు ఓడినోళ్లయిపోరా?"

"నాగీ."

"చెప్పు."

"అన్నీ తెచ్చినావా?"

"శానా మటుకు."

"శానా మటుకంటే?"

"చిన్న బాకు ఒకటి ఉంచినా. పోపుల డబ్బా ఎనక. ఒక్కటన్నా లేకుంటే మాయప్పకు నిద్ర పట్టదేమోనని. నువ్వు అన్నీ తెచ్చినావా?"

"నేనూ శానా మటుకే. ఈటె ఉండిపోయె. దాన్ని రెండు గుంజలకు కట్టి బట్టలారేస్తాము. పాపా, అది ఆయుధమా, పనిముట్టా?"

"బట్టలు ఆరినంత సేపు పనిముట్టే సుబ్బవ్వా. ఇట్ల కొన్ని ఇచ్చి కొన్ని ఉంచుకుంటే దాన్ని తగ్గింపు అంటారు. నిరాయుధీకరణ అనరు. పెద్ద పెద్ద దేశాలూ మీ మాదిరే. దించినామంటారు, యాడనో ఒకటి పోపుల డబ్బా ఎనక పెట్టుకుంటారు. అందుకే తనిఖీ పెట్టుకున్నారు. వీండ్ల మనుషులు పోయి వాండ్ల గోదాములు చూస్తారు, వాండ్ల మనుషులొచ్చి వీండ్లవి చూస్తారు."

"అయితే రా."

"యాడికి సుబ్బీ?"

"మా ఇంటికి. వచ్చి చూడు. అటక ఎక్కు, గాదె చూడు, పెట్టెలు తెరువు. ఈటె నీ చేతుల్తోనే ఇప్పుకోని పో. బట్టలకు ప్లాస్టిక్ తాడు కట్టుకుంటా."

"నేను? మీ గడప తొక్కల్నా?"

"తొక్కు. సంగటి తినిపో. తర్వాత నేనొచ్చి మీ వంటింట్లో పోపుల డబ్బా చూస్తా."

"మీ ఆయప్ప?"

"ఆయప్ప అరుస్తాడు. అరవనీ. అరిచేదానికి కేసు లేదు కదా."

"సుబ్బవ్వా, మీ కొంగులో ఫోను మోగుతాండాది."

"ఎవురు? చూడు పాపా, నాకు అక్షరాలు కనబడవు."

"ఈరన్న తాత."

"అయిపాయ! చేన్లోంచి వచ్చేసినాడు. ఎత్తొద్దు, ఎత్తొద్దు."

"ఎత్తు సుబ్బీ. ఎత్తకుంటే తిన్నగా మా ఇంటి మిందికి పోతాడు, మావాండ్లే ఏమన్నా చేసినారని. నువ్వు నొక్కు పాపా, ఆమె నొక్కేటట్లు లేదు."

"నొక్కినా. స్పీకరులో పెట్టినా, మాట్లాడండి సుబ్బవ్వా."

"ఏమే సుబ్బీ! యాడుండావు?"

"ఈడనే... ఎమ్మిగనూరు దోవలో. బస్సు నిలిచిపోయె."

"ఇంట్లో అటక బోసిగా ఉండాది."

"అట్లనా?"

"ఎలుకలు ఎత్తుకపోయినాయా?"

"పెద్ద ఎలుకేలే. అరవల్లంటే అరువయ్యా, ఇనేదానికి కూర్చునే ఉండా."

"నేనేమనుకుంటి, రామలింగప్పే మనుషుల్ని పెట్టి దోచినాడనుకుంటి. పంచె ఎగగట్టుకోని వాని ఇంటి మిందికి పోతి."

"పోతివా? దేవుడా! నాగీ, పోయినాడంట!"

"పోతే, వాడూ ఉరుకుతా మా ఇంటికే వస్తాండాడు. సగం గడ్డం గీసింది, సగం నురగ; గీయించుకుంటాంటే అటక ఖాళీ అని మనవడు పోయి చెప్పినాడంట. నా అటక దోచినావు కదరా అంటాడు! నడివీధిలో ఎదురెదురుగా నిలబడితిమి. ఊరు ఊరంతా తలుపులేసుకునె."

"అయ్యో! తర్వాత?"

"నా చెయ్యి నడుముకు పాయ. ఏం లేదు. వాని చెయ్యీ పాయ. వానికీ ఏం లేదు. అట్లే నిలబడితిమి. వట్టి చేతులు పెట్టుకోని ఎంతసేపని నిలబడల్ల? చేతులు యాడ పెట్టుకోవల్నో గూడా తెలీలే సుబ్బీ."

"చెప్పు, చెప్పు!"

"మీ ఆడమనిషి యాడికి పోయిందిరా అనె వాడు. నేనూ అదే అడిగితి. ఇద్దరూ మూటలతో బస్సెక్కినారని అంగడాయన కిటికీలోంచి కేకేసి చెప్పె. వానికి నవ్వొచ్చె. ఆ నురగ మూతితో వాడు నవ్వుతాంటే నాకూ ఆగలేదు."

"నువ్వు నవ్వినావా? రామలింగప్పతో?"

"నవ్వి, అంగడి అరుగు మింద కూర్చోని టీ తాగితిమి. మనవళ్ల ఫొటోలు అంగడాయన ఫోన్లో చూస్తిమి. అవి చూసినాక టీ సగంలో పెట్టి లేస్తిమి."

"నా మింద కోపం లేదా అయితే?"

"ఉండాది. శానా ఉండాది. పోయినదానివి అన్నీ తీసుకపోవల్ల కదా? మా నాయన గడ్డివామి అడుగున పెట్టినవి నీకు తెలీవు. వాండ్లవి పశువుల కొట్టంలో మట్టి కింద ఉండాయంట. ఇద్దరమూ తవ్వి తీసినాము. తెస్తాండాము. టైరు వేసినా గూడా మేము వచ్చేదాకా ఆ బస్సును కదలనీయొద్దండి."

"ఏంట్లో వస్తాండారు?"

"వాని మోటర్ సైకిల్ మింద. వాడు తోల్తాండాడు, నేను ఎనక కూర్చున్నా."

"పాపా, ఫోను ఇటియ్యి! ఓ ఈరన్నా, నేను నాగలక్ష్మమ్మను. తవ్వి తీసిన ఆ కత్తులు ఎవురి కాడుండాయి?"

"నా వొళ్లో ఉండాయమ్మా. రెండిండ్లవీ నా వొళ్లోనే, గోనెపట్టలో."

"అంటే మాయప్ప ఈపు..."

"ఔ నాగలక్ష్మమ్మా, నీ మొగుని ఈపు నా ముందరే ఉండాది. ఇంగ ఫోను పెట్టేయండి, ఈడ రోడ్డంతా గుంతలే, వాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకోవల్ల నేను."